నులిపురుగు నిండుకడుపు

వంగతోట మట్టిలో నులిపురుగొకటి లేత వేరుకేసి పాకుతుంటే, దారిలో ఊరికే పడి ఉన్న బాక్టీరియా నలుసొకటి దాని ఒంటికి అతుక్కుంది.

“పాకడం కూడా చేతకాని దానివి, నన్ను పట్టుకు వేలాడతావా? సరే, ఏడువు. నేను తాగగా మిగిలితే నీకో చుక్క పోస్తాలే,” అని నులిపురుగు ఈసడించింది.

వేరులో దూరి, పీల్చిందే పీల్చి గుండ్రంగా ఉబ్బింది. “చూశావటే వంగా, నా నిండుకడుపు! నా పిల్లలొచ్చి నీ వేళ్ల నిండా బుడిపెలు లేపుతాయి.”

“కడుపు నీదే. లోపలున్నవి నీ పిల్లలేనా?” అంది వంగమొక్క.

పురుగు ఉలిక్కిపడి నలుసు కోసం ఒళ్లంతా వెతుక్కుంది. అది ఎప్పుడో లోపలికి దూరి పిల్లల్ని పెట్టేసింది.

కడుపులోంచి వందల గొంతులు విసుక్కున్నాయి: “మాటలాపి తాగవే. మాకింకా ఆకలి తీరలేదు.”