రంగు తిరిగిన చేపలు

ఎలీషా చనిపోయిన నెలకు ఆయన పెంచిన ఆరు డిస్కస్ చేపల్లో నాలుగే మిగిలాయి. ఎర్రటి పళ్లేల్లా గుండ్రంగా మెరిసేవి కాస్తా నల్లబడి అద్దాల తొట్టె మూలకు చేరాయి. అవి కూడా పోతే ఆయన సాకిన ప్రాణమేదీ పటమటలోని ఆ ఇంట్లో మిగలదని భార్య హెలెన్ భయం.

ఆ రాత్రి ఆమె ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి చేపలు ఎర్రగా ఉన్నాయి. క్లోరిన్ పోవాలని పొద్దున బాల్కనీలో ఆమె నీళ్లు పట్టి ఉంచిన డ్రమ్ము ఖాళీగా ఉంది. తొట్టెలో కొత్త నీళ్లు గోరువెచ్చగా, నిండుగా ఉన్నాయి. ఇంటికి తాళంచెవి ఒక్కటే. అది ఆమె సంచిలోనే ఉంది.

చేపలమ్మే కాశీరావుకు ఫోన్ చేసింది.

"రంగొచ్చిందా? ఇంకేం, బతికినట్టేనమ్మా. మనిషిని గుర్తుపడతాయవి. మీ చెయ్యి అలవాటైనట్టుంది. నీళ్లెప్పుడు మార్చారు?"

"నేను మార్చలేదండీ."

"మరి అవే మార్చుకున్నాయా?" అని నవ్వాడు. ఆమె నవ్వకుండా ఫోన్ పెట్టేసింది.

హెలెన్ మేత డబ్బా తీసుకుని తొట్టె దగ్గరకు వెళ్లింది. చూస్తుండగానే చేపలు నల్లబడి వెనక్కి తగ్గాయి. ఆమె రెండడుగులు దూరం జరిగింది. నాలుగూ కుడివైపు అద్దం దగ్గరకు చేరి మళ్లీ ఎర్రబడ్డాయి. అక్కడ గోడకూ తొట్టెకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది.

ఆమె డబ్బా మూత బిగించి తొట్టె మీద పెట్టింది.

"అవి తిని రెండు రోజులైందండీ," అంది నెమ్మదిగా, ఆ ఖాళీ చోటువైపు చూసి.

వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. చాలాసేపు ఫిల్టరు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత, డబ్బా మూత తిరుగుతున్న చప్పుడు వినిపించింది.