తలుపు రంగు గిటారు

"మామా, దీనికేం రోగం తగిలింది?"

గోడకు వేలాడుతున్న గిటారును దించబోయిన మేనల్లుడు కితియోని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడి వెంట వచ్చిన ఇద్దరు వాయిద్యగాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు.

చాప మీద కూర్చున్న సిమియోని తల ఎత్తలేదు. "రంగు వేశాను."

"అది కనబడుతూనే ఉంది. ఎందుకూ అని?"

"బడి మరుగుదొడ్డి తలుపులకు వేయగా డబ్బాలో కొంచెం మిగిలింది."

గుమ్మంలోవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ముదురు గులాబీ రంగు. ముందూ వెనకా, మెడా, అంచులూ, ఎక్కడా చెక్క కనబడకుండా దట్టంగా పూసి ఉంది. ఒకచోట కారి, కారినట్టే గడ్డకట్టింది.

సిమియోని భార్య లోసాలిని చేమదుంపల పళ్లెం తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. కొడుకు ఎరోని చేపల వేటకని సముద్రంలో లోతు మునకకు వెళ్లి, పైకి రాకుండా పోయి ఇవాళ్టికి నూరో రోజు. దుఃఖం దింపే రోజు. తెల్లవారినప్పటి నుంచీ చుట్టాలు పడవల్లో దిగుతున్నారు. చాపలు పరుస్తున్నారు, యంగోనా వేరు పొడిని నీళ్లలో పిసికి, అందరూ తాగడానికి గిన్నెలో కలుపుతున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. చేతులు వాటంతట అవే ఒక పని తరవాత ఇంకో పని చేసుకుపోతున్నాయి.

దుఃఖం దిగిన రోజున పోయినవాడి వస్తువులు అయినవాళ్లు అడిగి పట్టుకెళతారు. అందులోనూ మేనల్లుడిది మొదటి మాట. వాడు నోరు తెరిచాక మేనమామ లేదనడం ఆ దీవుల్లో తాతల నాటి నుంచీ లేదు. అందుకే కిందటి వారం లోసాలిని భర్తను బతిమాలుకుంది.

"అన్నీ పోతే పోనీ. గిటారొక్కటీ అటక మీద దాచవయ్యా. అది వాడి గొంతు."

"దేవుడికి కనబడని అటక ఎక్కడుందే?" అన్నాడు సిమియోని. చర్చిలో ఉపదేశి ఆయన. "అడిగినవాడికి ఇయ్యమని ఆదివారమాదివారం నేనే చెబుతున్నాను."

ఆ గిటారంటే ఆయనకు మొదటి నుంచీ పడదు. కొడుకు దాంతో యంగోనా గిన్నెల చుట్టూ కూర్చుని తాగుడు పాటలు పాడేవాడు. దానికోసం తండ్రీకొడుకులు నెలల తరబడి మాట్లాడుకోని రోజులున్నాయి. అందుకే మొన్న తను రేవు నుంచి వచ్చేసరికి ఆయన పెరట్లో కూర్చుని దానికి కుంచెతో రంగు కొడుతుంటే, లోసాలిని ఏమీ అడగలేదు. పంతం ఇంకా చావలేదనుకుంది. మనసు మొద్దుబారి, కోపం కూడా సరిగా రాలేదు.

"సువా పట్నంలో కుర్రాళ్లు నల్లవీ నీలివీ కూడా వాయిస్తున్నారు కదరా," అన్నాడు వాయిద్యగాళ్లలో పెద్దవాడు.

"అవి కంపెనీలో అద్దినట్టు వేసినవి బావా. ఇది పందుల దొడ్డికి సున్నం కొట్టినట్టుంది." కితియోని చివరికి గిటారు దించి ఒళ్లో పెట్టుకున్నాడు. తీగలు సరిచేశాడు. ఒకసారి మీటాడు. మెత్తటి సంచిలో నుంచి వచ్చినట్టు వచ్చింది శబ్దం. "చూశావా? రంగంతా గొంతుకడ్డం పడింది."

"ఇది పట్టుకుని పాటల పోటీకి వెళితే మార్కులు వేసేవాళ్లు లేచి దొడ్డికి పోతారు!" అన్నాడు రెండో వాయిద్యగాడు.

ఆ మాటకు ముసలాళ్లు కూడా నవ్వారు. సిమియోని మాత్రం ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి, తన వంతు గిన్నె అందుకుని తాగి, మళ్లీ చప్పట్లు కొట్టాడు.

కితియోని నవ్వడం ఆపాడు. అరచేత్తో గిటారు వీపు తడిమాడు. ఎరోని పక్కన కూర్చుని పదేళ్లు పాడినవాడు.

"మామా, ఒకటి అడగనా?"

లోసాలిని చేతిలో గరిటె ఆగిపోయింది. సిమియోని మేనల్లుడి వైపు చూడకుండా, "అడుగు," అన్నాడు.

కితియోని గిటారును ఇటు తిప్పి, అటు తిప్పి, కారి గడ్డకట్టిన రంగును గోటితో గీకాడు. పెచ్చుతో పాటు కింద చెక్క మెరుగు కూడా లేచి వచ్చింది. నిట్టూర్చి దాన్ని మళ్లీ గోడకు తగిలించాడు.

"ఎరోని పాత చేపల బరిసె ఇస్తావా?"

"తీసుకో."

ఆ తరవాత ఆలస్యం కాలేదు. మునకలో పెట్టుకునే పాత నీటి అద్దాలు సిమియోని అన్నగారి కొడుకు అడిగాడు. చొక్కాలు ఇద్దరు పంచుకున్నారు. రేడియో ఒకరు, వల ఒకరు, చివరికి వాడు తలకింద పెట్టుకునే దిండు కూడా ఒక ముసలమ్మ ప్రేమగా అడిగి పట్టుకెళ్లింది. అన్నింటికీ సిమియోనిది ఒకటే మాట. తీసుకో.

మధ్యాహ్నం సముద్రపు ఆటుకు పడవలన్నీ బయల్దేరాయి. "వస్తాం అత్తా!" అని కితియోని బరిసె భుజాన వేసుకుని రేవు దారి పట్టాడు.

ఇల్లు బోసిపోయింది. లోసాలిని ఖాళీ పళ్లేలు ఒకదానిలో ఒకటి పెట్టింది. నూరు రోజులుగా రాని మాట అప్పుడు వచ్చింది.

"బతికుండగా వాడి పాట సహించలేకపోయావు. ఇప్పుడు దాని గొంతు కూడా నొక్కేశావు. నీకు తృప్తిగా ఉందా?"

సిమియోని లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. గిటారు దించాడు. ఎలా పట్టుకోవాలో తెలియక, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొట్టకు హత్తుకుని, కితియోని వెళ్లిన దారి వైపు చూశాడు.

"బాగుంటే అడిగేవాడు."