సాక్షి సంతకం

"సంతకం పెడతావా, చేను వదులుకుంటావా?" అంటూ యజమాని కాగితం ముందుకు తోశాడు.

కౌలురైతు చదివాడు. పక్క చేనును యజమానే సొంతంగా సాగు చేస్తున్నాడని, దానికి తాను సాక్షినని అందులో ఉంది. వరదకి మునిగిన పైర్లకి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. అది సాగు చేసినవాళ్లకే. ఈ యజమానిదే అయిన ఆ పక్క చేను ఎనిమిదేళ్లుగా కౌలుకి చేస్తున్నది మొగుడు పోయిన ఒంటరి మనిషి. అతను ఆమెను అక్కా అని పిలుస్తాడు.

"అక్క నోరు కొట్టమంటారా అయ్యా?"

"నీ నోటికి అందిస్తుంటే ఆమె నోటి గొడవ నీకెందుకు? నీ చేను పరిహారం నీకే రాయిస్తా. ఇంకో మూడేళ్లు కౌలూ నీదే. రేపు ఆఫీసులో ఇచ్చిరా."

ఇంటికొచ్చి చెప్పాడు. తడిసిన గింజలు ఆరబోస్తున్న భార్య చేట విసిరికొట్టింది.

"ఆ మాట వింటూ ఎలా కూర్చున్నావు? మోకాలి లోతు బురదలో మనతో పాటు గట్టు వేసింది ఆవిడ. నీళ్లొచ్చిన రోజు మన పిల్లని చంకనేసుకుని మేడ ఎక్కించింది ఆవిడ!"

"నాకు తెలీదా? చేను పోతే ఏం తింటాం? పిల్ల ఫీజు ఎక్కణ్ణుంచి తేను?"

"కూలికి పోదాం. ఒళ్లు వంగదా మనకి? అక్క ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

అతను అన్నం ముందు కూర్చుని, కంచం పక్కకి జరిపాడు. లేచి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు. "తీసుకోనీ వాడి చేను వాణ్ణే!" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఆఫీసుకి వెళ్లారు. వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అతను గొంతు పెంచాడు.

"రాసుకోండి సార్. పక్క చేను చేసింది అక్కే. దున్నించింది, నాటింది, అప్పు తెచ్చి ఎరువు వేసింది. ఆ పెద్దమనిషి ఒక్కనాడు గట్టు మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. కాదనేవాడు ఎవడైనా ఉంటే నా ఎదటికొచ్చి అనమనండి!"

భార్య తలెత్తి చుట్టూ ఉన్నవాళ్లను చూసింది. చూపుల్లో గర్వం దాచుకోలేకపోయింది.

అధికారి అంతా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాడు. "మంచిపని చేశారు. ఇక ఆవిడ పరిహారానికి అడ్డు లేదు."

"మరి నా చేను సార్?"

అధికారి ఫైలు తిరగేశాడు. ఒక కాగితం దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ చేను యజమానే సొంతంగా చేసుకుంటున్నాడని నిన్ననే సాక్షి సంతకం పడిందయ్యా... మీరు అక్కా అంటున్నారే, ఆవిడదే."