ఆవిరిగదిలో గురువారం

"మొత్తానికి తేదీ చెప్పేశార్రా. వచ్చే గురువారమే గేమ్ విడుదల," అన్నాడు ఆర్తో, చెక్క బల్ల మీద తువ్వాలు పరుచుకుంటూ.

రైమో కాలిన రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోశాడు. ఫిన్లండ్ దేశంలో టాంపెరే అనే ఊళ్లోని ఆ అపార్ట్‌మెంటు ఆవిరిగదిలో నాలుగేళ్లుగా ప్రతి గురువారం వాళ్లిద్దరూ ఆ రాబోయే వీడియోగేమ్ గురించే మాట్లాడుకుంటున్నారు. అందులో ఎన్ని గ్రహాలు తిరగొచ్చు, ఏ తుపాకీ దేనికి పనికొస్తుంది, అవే కబుర్లు. వారం మొత్తంలో రైమోకి కబుర్లంటూ ఉంటే అవే.

"ఇక నెల్లాళ్లు తలుపేసుకుని ఆడటమే. ఇటు రాను," అన్నాడు ఆర్తో.

"ఇద్దరం కలిసి ఆడే వీలుందేమో."

"ఒక్కడే ఆడేది కదరా. తెలిసే అడుగుతున్నావా?"

"మళ్లీ వాయిదా వేస్తారేమోలే."

ఆర్తో తిడతాడనుకున్నాడు రైమో. తిట్టలేదు. గరిటె తనే అందుకుని ఇంకో గరిటెడు పోశాడు. ఆవిరి కమ్మేసి ఒకరి మొహం ఒకరికి కనపడలేదు.

"వేస్తే బాగుణ్ణు," అంది ఆర్తో గొంతు.