పొగపువ్వు

తొలి వానకు ముందు ద్రీకా ముసలమ్మ భుజాన సంచీ వేసుకుని, కంచె దూరి కొండెక్కడం తన కళ్ళతో చూశానని పక్కింటి లీనా చెప్పిందట. చెప్పింది చర్చి గుమ్మంలో, ప్రార్థన అయిపోయి జనమంతా బయటికొస్తున్న వేళ. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, ద్రీకా వాకిట్లో పూలు పూసేదాకా తనకు విషయం తట్టలేదందట.

మూడో రోజుకల్లా ఆ మాట స్ప్రింగ్‌బాక్ పట్నం చేరింది. నాలుగో రోజు పొద్దున్నే ద్రీకా గుడిసె ముందు ప్రభుత్వం బండి ఆగింది.

ముందు దిగినవాడు యాస్పర్. ఈ ఊరివాడే, కొండ మీది పూలకు కాపలా అధికారి. వెనకే కేప్‌టౌన్ నుంచి వచ్చిన పూలశాస్త్రం ఆవిడ, డాక్టర్ హెస్టర్. మెడలో భూతద్దం వేలాడుతోంది.

వాకిట్లో పాత రేకు డబ్బాల నిండా మొక్కలు, నలభైకి తక్కువ ఉండవు. ఆకుల మీద బూడిదరంగు నూగు. ఎండ తగిలిన కొద్దీ నారింజ రంగు పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని పూరేకులు లెక్కపెట్టింది, ఆకు తిప్పి చూసింది.

"అనుమానం లేదు. పొగపువ్వే."

"నన్నడిగితే బండి దిగకముందే చెప్పేదాన్నిగా అమ్మాయ్," అంది ద్రీకా, పొయ్యి మీద ఎర్ర టీ మరగబెడుతూ.

యాస్పర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పెద్దమ్మా, ఈ పువ్వు ప్రపంచం మొత్తమ్మీద మన కొండ మీదే ఉంది. ఆగస్టు వస్తే ఎక్కడెక్కడి వాళ్ళో కార్లేసుకొచ్చి చూసిపోతారు. మొక్క పీకితే జైలని బోర్డు పెట్టాం. చూళ్ళేదా?"

"చూడకేం? నా గుడిసె కంటే పెద్దదిగా అది."

"మరి ఇవెక్కడివి?"

"విత్తనం వేశా. మొలిచాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయిరా, కళ్ళ ముందుంటాయని వాకిట్లో వేసుకున్నా."

హెస్టర్ జాలిగా నవ్వింది. "అవ్వా, మా గాజు గదుల్లో ఏడేళ్ళు తంటాలు పడ్డాం. మట్టి మార్చాం, నీళ్ళు మార్చాం, మంచులో పెట్టి తీశాం. ఒక్క గింజ మొలకెత్తలేదు. ఇది పెంచితే పెరిగే జాతి కాదు."

"పొగ పెట్టారా?"

"పొగేమిటి?"

"దాని పేరేంటి మరి?"

"ఆ పేరు ఆకు రంగును బట్టి..."

"రంగా! మా అమ్మమ్మ వింటే ఉన్న రెండు పళ్ళూ ఊడేలా నవ్వేది." ద్రీకా లోపలికి చెయ్యి చూపించింది. రెల్లు చాపల గుడిసె కప్పుకు, పొయ్యికి సరిగ్గా పైన, మసిబారిన గుడ్డమూట వేలాడుతోంది. "మూడు నెలలు అలా పొగ తాగితేనే గింజకు మెలకువ వచ్చేది. ఆవిడ ఊరు రాగి గని కింద పోయిన రోజు అందరూ మేకల్ని తోలుకొచ్చారు. ఆవిడ ఈ మూట తెచ్చుకుంది."

హెస్టర్ ఒక్క క్షణం ఆ మూటకేసి చూసింది. తర్వాత సంచీలోంచి ఫొటోలు తీసింది.

"ఇవి నిరుడు కొండ మీద తీసినవి. ప్రతి పువ్వుకీ ఒక రేకు అంచు నొక్కినట్టుంటుంది. మీ పూలకూ అంతే. ఒక తల్లి పిల్లలివి. కొండ మీది సరుకే."

దడి అవతల నిలబడ్డ లీనా అందుకుంది. "నే చెప్పలా? సంచీతో ఎక్కిందో లేదో అడగండి!"

"ఎక్కా," అంది ద్రీకా. "ఏటా ఎక్కుతా."

యాస్పర్ ముఖం మాడిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, తెలీక తెచ్చానని రాసి సంతకం పెట్టు. మొక్కలు మాత్రం తీసుకుపోతాం. లేదంటే నిన్ను బండెక్కించాలి. నా చేత ఆ పని చేయించకు."

"దొంగనని నా చేత్తో నేను రాయాలా? డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఒకరి మేకపాలు పిండుకు తాగిన దాన్ని కాదు. పద, బండెక్కుతా."

నిజంగానే లేచి, తలగుడ్డ సర్దుకుని బండి వైపు నడిచింది. హెస్టర్ అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఒక్క మాటకు జవాబు చెప్పి ఎక్కండి. మీరు కొండ మీంచి తేకపోతే, అక్కడి పూలూ మీ పూలూ అచ్చుగుద్దినట్టు ఎలా ఉన్నాయి?"

ద్రీకా ఆవిడను కిందినుంచి పైదాకా చూసింది.

"అక్కడివీ నేను చల్లినవే."