నాన్న నోటి భేష్

చప్పట్లు ఆగిపోయాయి. చిన్నది మాత్రం ఇంకా ముందు వరుస వంకే చూస్తోంది.

తల నెరుస్తున్నా ఇంట్లో ఆమె పేరు చిన్నదే. బయట మాత్రం ఈ రోజు నుంచి సైకాలజీ ప్రొఫెసర్. ఆ పదవి అందుకున్నవాళ్లు ఇన్నాళ్లూ తామేం పరిశోధించారో, ఏం బోధించారో అందరి ముందూ చెప్పుకోవడం ఆ విశ్వవిద్యాలయంలో ఆనవాయితీ. ఆమె కూడా చెప్పింది. పిల్లల్లో చదువు మీద ఇష్టం ఎలా పుడుతుంది, ఎలా చచ్చిపోతుంది అన్నది తన పరిశోధన. ఎవరూ ముట్టుకోని పరిశోధనా పద్ధతుల పాఠాన్ని తానే అడిగి మరీ నెత్తికెత్తుకుంది. మెప్పు గురించి ఆమె చెప్పే క్లాసుకి మాత్రం పక్క విభాగాల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడతారు.

ఆ క్లాసుకి పాఠ్యపుస్తకం నాన్న రాసిందే. పిల్లల మీద మెప్పు ఎలా పనిచేస్తుందో అంత బాగా ఇంకెవరూ రాయలేదని ఇప్పటికీ అంటారు.

ఆ నాన్న ముందు వరుసలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఒకప్పుడు ఆ విభాగానికి పెద్ద ఆయనే.

నాన్న నోట భేష్ అనే మాట మహా చవక. క్లాసులో మొద్దబ్బాయి తప్పు జవాబు చెప్పినా, "భేష్, ఆలోచించావు!" అనేవారట. పాత విద్యార్థులు అది తలుచుకుని ఇప్పటికీ మురిసిపోతారు. ఇంట్లో అక్క పాలు ఒలకకుండా తాగితే భేష్. చెప్పులు తనంతట తాను వేసుకుంటే భేష్. చిన్నది క్లాసులో ఫస్టు వచ్చి మార్కులు చూపిస్తే, "ఊఁ, అక్కడ పెట్టు."

తిట్టేవారు కాదు. చెయ్యి చేసుకున్నదీ లేదు. తిట్టినా బాగుండేది, నాలుగు రోజులు అలిగి మరిచిపోయేది.

తనలోనే ఏదో కొరత ఉందనుకుంది. ఇంకొంచెం చదివితే పూడుతుందనుకుంది. నాన్న సబ్జెక్టే చదివింది. నాన్న విభాగంలోనే చేరింది. సంబంధాలు వస్తే, "ఈ పరిశోధన అయ్యాక చూద్దాం" అంది. పరిశోధన అయ్యేసరికి సంబంధాలూ అయిపోయాయి.

టీ కప్పు పట్టుకుని అక్క వచ్చింది.

"అదరగొట్టావే చిన్నదానా! సగం అర్థం కాలేదు గానీ, ఏడుపొచ్చేసింది."

"అర్థం కాకే వచ్చుంటుందిలే."

"పోవే! వెళ్లి నాన్న దగ్గర కూర్చో. ఇవాళైనా అంటారేమో."

"నీకేం తల్లీ, దగ్గినా భేషే."

అక్క నవ్వలేదు. "అవన్నీ నువ్వే తీసుకోవే. కూరలో ఉప్పేసినా ఎవరో ఒకరు బాగుందనే దాకా గరిటె వదల్లేను. అడిగీ అడిగీ చంపుతున్నానని మా ఆయన నన్నొదిలి పోనే పోయాడు."

హాలు ఖాళీ అయింది. చిన్నది నాన్న పక్క కుర్చీలో కూర్చుంది. వచ్చేవారం ఆయనకు గుండె ఆపరేషన్. ఆ వయసులో తట్టుకుంటారని డాక్టర్లే గట్టిగా చెప్పలేకపోయారు. ఆ ఒక్క మాట అనకుండానే నాన్న వెళ్లిపోతారేమోనన్న భయం ఆమెకు రాత్రుళ్లు నిద్ర లేకుండా చేస్తోంది.

"ఎలా చెప్పాను నాన్నా?"

"చివర్లో కాస్త కంగారుపడ్డావు."

"అది సరే. బాగుందా, లేదా?"

ఆయన కుర్చీ చేతిమీద వేలితో గీతలు గీస్తున్నారు.

"ఒక్కసారి భేష్ అనండి నాన్నా. అబద్ధంగానైనా ఫరవాలేదు." ప్రొఫెసర్ గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. "మొద్దబ్బాయిలందరికీ పంచిపెట్టారే! నాకు మాత్రం ఎందుకు లేదు? నాలో ఏం లోపం కనబడింది మీకు?"

నాన్న నిజంగానే ఆశ్చర్యపోయారు.

"లోపమా? ఎవరన్నారమ్మా? అసలు చిన్నప్పటి నుంచీ నువ్వు అక్కకి ఎందులోనూ తీసిపోలేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు."

చిన్నదానికి కళ్లు మసకబారాయి. ఇన్నేళ్లలో అంత మంచి మాట ఆయన నోటి నుంచి వినడం అదే మొదలు. ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"మరెందుకు నాన్నా? తెలిసీ ఎందుకు అనలేదు?"

ఇష్టమైన విద్యార్థికి తేలికైన లెక్క మళ్లీ చెబుతున్నట్టు, ఆయన ఓపిగ్గా నవ్వారు.

"నిన్నూ మెచ్చుకునుంటే, ఆ పుస్తకానికి అక్కని ఎవరితో పోల్చి చూసేవాణ్ణమ్మా?"