వానాకాలం నీళ్ళు

“ఏందయ్యా, మా నీళ్ళు సీసాలకెత్తి యాడికి మోస్తుండావు?”

పులికాట్ సరస్సు అంచున, మోకాలి లోతులో వంగి చేత్తో రొయ్యలు తడుముతున్న అంకాలమ్మ నడుము నిలబెట్టి అడిగింది.

“పరీక్షకమ్మా,” అన్నాడు ప్యాంటు పైకి మడిచిన పెద్దాయన.

“నీళ్ళకు పరీక్షేంది? తప్పితే మళ్ళీ రాయాల్నా?”

ఆయన పగలబడి నవ్వాడు.

అది చలికాలం. ఎండాకాలంలో మళ్ళీ వచ్చాడు. ఈసారి అంకాలమ్మే దగ్గరికి నడిచింది. ఆమెను తొలిచే సందేహం ఒకటుంది. రొయ్యల గుంటలు తవ్వినప్పటి నుంచి, ఏటా వానలకు నీళ్ళు పచ్చబడి కంపు కొడుతున్నాయి. ఆమె నడుముకు కట్టుకున్న బుట్టలోకి అయిదారు రొయ్యలు కూడా రావడం లేదు. ఆ బుట్ట నిండితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

“ఎందుకంటావయ్యా?”

“వానలకు కాళంగి నది పొలాల ఎరువంతా కడిగి తెస్తుంది. గుంటల కాలువ మేత కుళ్ళు తెస్తుంది. అవి తిని పాచి బలుస్తుంది. పాచి కుళ్ళితే రొయ్యకు ఊపిరాడదు.”

“తప్పు ఏటిదా, గుంటలదా?”

“నాకూ అదే తెలియాల. ఏరు కలిసే కాడ ఒక సీసా, కాలువ కలిసే కాడ ఒక సీసా. నాలుగు కాలాలూ పట్టాల. వానాకాలందే అసలు రుజువు.”

అంకాలమ్మకు భలే ముచ్చటేసింది. తొలకరికి ఆయన వచ్చినప్పుడు సీసాలు తనే పట్టుకుంది. వానాకాలం ఎప్పుడొస్తుందా అని పరీక్ష రాసిన పిల్లలా ఎదురుచూసింది.

కార్తీకంలో వాయుగుండం వెలిసిన పొద్దున ఆయన వచ్చాడు. నీళ్ళు నింపిన సీసాలు ఆమె చేతికిచ్చి, చెప్పులు తెచ్చుకోడానికి గట్టెక్కాడు.

అప్పుడే పడవ మీద నుంచి, చేపలు పట్టే మాల్యాద్రి అరిచాడు.

“అక్కా, నీకు బుద్ధుందా? వాడు గుంటల గేటులోంచి వస్తా ఉంటే నా కళ్ళతో చూసినా. వాచ్‌మన్ లేచి దండం పెట్టినాడు! తప్పు ఏటి మీదికి తోసి కాగితం రాసేదానికి వచ్చినాడు.”

అంకాలమ్మ ఆయన వైపు తిరిగింది.

“నిజమేనా? గుంటల కాడ నుంచే వస్తుండావా?”

“అవునమ్మా. అందుకే…”

ఆమె తక్కినది వినలేదు. రెండు సీసాలూ బోర్లించి, “మళ్ళీ మా నీళ్ళు ముట్టొద్దు,” అంది.

పెద్దాయన ఖాళీ సీసాలు అందుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నెల తర్వాత నెల్లూరు నుంచి రోజారమణి అనే అమ్మాయి వచ్చింది.

“అక్కా, ఇక్కడ సీసాల్లో నీళ్ళు పట్టినాయన మా నాయన. కార్తీకంలోనే గుండె ఆగి పోయినాడు. మూడు కాలాల కాగితాలు దొరికినాయి. వానాకాలంది లేదు. ఎవరికన్నా ఇచ్చినాడా?”

అంకాలమ్మ నడుము బుట్ట విప్పి కింద పెట్టింది.

“ఎందుకమ్మా ఇప్పుడది?”

“అదుంటే ఆ గుంటలు పూడ్చేసేవాళ్ళు. రుజువు చూపిస్తే సరేనని గుంటల భాగస్తులు మాటిచ్చినారు. ఇప్పుడు ఇంకో పది తవ్వుతున్నారు.”

“ఆయన మాటకు గుంటలు పూడుస్తారా? మీ నాయన అంత పెద్ద ఆఫీసరా తల్లీ?”

“ఆఫీసరేందక్కా, ఆ గుంటలు తవ్వించిందే మా నాయన.”